డ్రైవర్ లాకప్

తెల్లబోర్డు మీద నేను రాసిన ఒక్క ముక్కకు గోదావరిఖనిలో కాసేపు మట్టి మోసే డంపర్లు కదల్లేదు. నేను యూనియన్ లీడర్‌ని కాదు, మైకు పట్టి ఎరగను. కంప్యూటర్ గదిలో కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటర్‌ని, అంతే. అయినా ఆ తర్వాత నా చేతికిచ్చిన కాగితంలో "రెచ్చగొట్టే రాతలు" అని ఉంది. అది చదివితే నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారిందని చెప్పను.

తెలంగాణ రావడానికి ముందటి సంవత్సరాలవి. ఇవాళ రాస్తారోకో అంటే రేపు బంద్, ఎల్లుండి ఎక్కడో నడిరోడ్డు మీద వంటావార్పూ. డ్యూటీకి పోయిన మనిషి వేళకు తిరిగి రాకపోతే ఇంట్లోవాళ్లు ముందు దవాఖానకు కాదు, పోలీస్ స్టేషన్‌కు పోయి అడిగేవాళ్లు. ఈ సంగతి మనసులో పెట్టుకుని చదివితే జరిగినదాంట్లో నా తప్పెంతో మీకే తెలుస్తుంది.

మా కంప్యూటర్ గది ఓపెన్‌కాస్ట్ గని టైమ్ ఆఫీసును ఆనుకుని ఉండేది. అందులో మూలన ఒక సర్వర్. చుట్టుపక్కల గనులు, స్టోర్లు, బొగ్గు తూచే కాటాలు, అన్నీ మామూలు టెలిఫోన్ లైన్ల మీదుగానే దాన్ని చేరేవి. ఆ లైన్లలోనే బయటివాళ్ల కంట పడకుండా మాకు మాత్రమే ఒక దారి ఉండేది. దాన్ని వీపీఎన్ అంటారు. ఆ దారికి ఇంగ్లీషులో టన్నెల్ అని పేరు. నేల కింద సొరంగాలు తవ్వి బతికే ఊరి పిల్లను, నాకు ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఏ గనిలో కార్మికుడు కార్డు గీకినా అతని హాజరు ఆ సొరంగం గుండా వచ్చి మా సర్వర్‌లో పడేది. పడకపోతే మస్టర్ లేదు, అంటే ఆ రోజు హాజరు పడనట్టే. మస్టర్ లేకపోతే నాగా. తాను ఆ రోజు పనిచేశానని ఆ మనిషి టైమ్ ఆఫీసు చుట్టూ తిరిగి తానే రుజువు చేసుకోవాలి.

ఆ సర్వర్ సరిగ్గా షిఫ్ట్ మారే వేళకే బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. తెర వెలుగుతూనే ఉంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కీబోర్డు నొక్కితే అక్షరాలు పడతాయి. బయటితో మాత్రం మాటా మంతీ బంద్. కేబుల్ పీకి పెట్టినా ఫలితం లేదు. లోపల బయటి లైన్లతో మాట్లాడే నెట్‌వర్క్ కార్డు అనే పలక ఉంటుంది, దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, దాని పేరు డ్రైవర్. దాన్ని దించి మళ్లీ ఎక్కిస్తే ఏమీ జరగనట్టు గనులన్నీ లేచి కూర్చునేవి. ఆ దించడం ఎక్కించడం నాకు మాత్రమే తెలుసు. అదే నా కొంప ముంచింది. నేను ముట్టుకుంటే లేస్తోంది కాబట్టి, పడేది కూడా నేను ముట్టుకోవడం వల్లేనని ఆఫీసులో ఒక మాట పుట్టింది. పుట్టిన మాట ఊరుకుంటుందా, బిల్డింగంతా తిరిగింది.

నేను మాత్రం చేతులు ముడుచుకుని లేను. బొగ్గు దుమ్మన్నారు, బ్లోయర్ పెట్టి ఊదాను. వేడన్నారు, ఏసీ ముందుకు జరిపించాను. కేబుళ్లు మార్చాను, పాత స్విచ్ తీసి కొత్త స్విచ్ పెట్టించాను. గది ఊడ్చే అక్క ఆయుధపూజ నాడు సర్వర్‌కు కుంకుమ బొట్టు పెట్టి మీద నిమ్మకాయ పెట్టింది. ఆ నిమ్మకాయ ఎండి రాయిలా అయ్యేదాకా నేనూ తీయలేదు. ఎవరి సాయం ఎక్కడ పనికొస్తుందో అనుకున్నాను.

సర్వర్ అమ్మిన సంస్థ ఇంజినీరు హైదరాబాద్ నుంచి వచ్చేవాడు. ఎప్పుడొచ్చినా షిఫ్ట్ గోల ముగిశాకే. గనులన్నీ పనిలో పడి లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు తీరిగ్గా కూర్చునేవాడు. అత్తవారింట్లో కొత్త అల్లుడిలా అప్పుడు ఆ సర్వర్ ఎంత బుద్ధిగా ఉండేదో! "షిఫ్ట్ మారేదాక ఉండి సూడుండ్రి సార్" అంటే బస్సు తప్పిపోతుందని లేచేవాడు. పోతూ పోతూ "పరికరంలో లోపం లేదు, వాడకంలో లోపం" అని రాసి ఇచ్చేవాడు. వాడకం అంటే నేనే.

ఒకరోజు సెకండ్ షిఫ్ట్ మొదలయ్యే వేళ మళ్లీ ఆగింది. కార్డులు గీకినవాళ్లంతా కిటికీ దగ్గర మూగారు. ఒక్కొక్కరికి జవాబు చెప్పే ఓపిక లేక, బయట గోడకున్న తెల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: "నెట్‌వర్క్ డ్రైవర్ లాకప్. హాజరు ఆలస్యం." మా పనిలో ఇంగ్లీషులో అనే మాటనే తెలుగు అక్షరాల్లోకి దించాను. డ్రైవర్ అంటే ఆ ప్రోగ్రాం, లాకప్ అంటే బిగుసుకుపోవడం. నా బుర్రలో అప్పుడు ఇంకో అర్థమే లేదు.

లోపలికి వచ్చి పనిలో పడ్డాను. కిటికీ దగ్గర గోల సద్దుమణిగింది, హమ్మయ్య అనుకున్నాను. సద్దుమణగలేదు, యార్డులోకి పోయింది. కాసేపటికి డంపర్ల ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగడం వినిపించింది. ఆ తర్వాత తలుపు నిండా డ్రైవర్లు. అందరికన్నా ముందు నెరిసిన మీసాల పెద్దాయన నిలబడ్డాడు. ఎవరికి కష్టం వచ్చినా ముందు ఈయనే నిలబడతాడని ఖనిలో అందరికీ తెలుసు.

"ఎవల్ను ఏసిన్రు చెల్లె లాకప్ల?" అన్నాడు.

"ఎవల్నన్న?"

"గదేంది, బయట రాసి పెట్టినవ్ గద. నెట్‌వర్క్ డ్రైవర్ను లాకప్ల ఏసిన్రని. నెట్‌వర్క్ అంటే మట్టి తీసే కొత్త కాంట్రాక్టు కంపెనీయేనా? మనోడు గాకున్నా డ్రైవర్ డ్రైవరే. పిలగాన్ని ఇడిసేదాక బండ్లు కదలయి."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. ఎవరో తెలియని ఒక డ్రైవర్ కోసం, పేరు కూడా అడగకుండా, ఇంతమంది బండ్లు ఆపి వచ్చారు. ఆ క్షణాన వాళ్ల మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

"మనిషి కాదన్న. కంప్యూటర్ల ఉండే ప్రోగ్రాం. దాని పేరే డ్రైవర్."

"డ్రైవర్ అని రాసి మనిషి కాదంటవేంది? మరి లాకప్?"

"ఇంగ్లీషుల గట్లనే అంటరన్న. పనిజేసుకుంట చేసుకుంట బిగుసుకపోతే లాకప్ అంటరు."

పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు యార్డు చివరిదాకా పాకింది, డంపర్లు కదిలాయి. ఆ రోజు నుంచి డ్యూటీ ఎక్కే ప్రతివాడూ కిటికీలోంచి తొంగిచూసి "చెల్లె, మీ డ్రైవర్ను ఇడిసిన్రా?" అని అడగడం, నేను "ఇంక బేల్ దొర్కలేదన్న" అనడం మామూలైపోయింది.

పై ఆఫీసుకు మాత్రం నవ్వు చేరలేదు. "లాకప్ విషయమై గనిలో పని నిలిచింది" అన్న ఫోన్ ఒక్కటే చేరింది.

మా ఆఫీసర్ నన్ను పిలిచాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. గట్టిగా మాట్లాడడు, ఎవరినీ నొప్పించడు, ఫైలు మూతపడితే చాలు ఆయనకు. బల్ల మీద ఒక టైపు కాగితం పెట్టి నా వైపు జరిపాడు. సర్వర్ ఆగిపోవడానికి నా అజాగ్రత్తే కారణమనీ, బోర్డు మీద రెచ్చగొట్టే రాతలు రాశాననీ, క్షమించమనీ అందులో ఉంది.

"చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. పైవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా. సంతకం పెట్టేస్తే హెచ్చరికతో పోతుంది. పెట్టకపోతే నీ కాంట్రాక్టర్ ఇంకొకళ్లని పంపిస్తాడు. నా చేతుల్లో ఉండదు."

"బోర్డు మీద రాసింది నేనే సార్, ఒప్పుకుంట. సర్వర్‌ను నేను ఆపలే. చెయ్యని పని చేసిన్నని రాసియ్య. సంతకం పెట్ట."

"పంతం పట్టకమ్మా."

"పంతమే సార్."

ఆ వారం ఆఖరుదాకా ఆలోచించుకోమన్నాడు. ఆలోచించడానికేముంది? ఆ నౌకరీ మీదనే మా ఇల్లు నిలబడి ఉంది, అది పోతే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఇంటికి పోయి బాపుకు, అంటే మా నాన్నకు, చెప్పాను. బాపు ఒకప్పుడు భూగర్భ గనిలో హాలేజి డ్రైవర్. ఉక్కుతాడుతో బొగ్గు టబ్బులను పైకి లాగే ఇంజిన్ నడిపేవాడు. కింద ఏం జరుగుతుందో ఆ డ్రైవర్‌కు కనపడదు. కిందివాళ్లు కొట్టే గంటే ఆయనకు కళ్లూ చెవులూ. గంట చెబితే లాగాలి, గంట చెబితే ఆపాలి, గంట లేకుండా చెయ్యి వేయకూడదు. ఒకరోజు కిందివాళ్లు ఆపమని గంట కొట్టారు. నీళ్లు కారి కారి ఆ గంట తీగ కుళ్లిపోయి ఉంది. పైన మోగలేదు. టబ్బులు పట్టాలు తప్పి ఒక మనిషి కాలు పోయింది. ఎంక్వయిరీలో డ్రైవర్ నిర్లక్ష్యం అని రాసి, సంతకం పెడితే చిన్న శిక్షతో పోతుందన్నారు. బాపు పెట్టాడు. ఇంజిన్ మీద నుంచి దింపి ల్యాంపు రూములో వేశారు. రిటైరయ్యేదాకా మిగతావాళ్ల దీపాలు తుడిచి ఇచ్చాడు. బడిలో పిల్లలు నన్ను "కాలు ఇరగ్గొట్టినోని బిడ్డ" అనేవాళ్లు.

"పెట్టు బిడ్డ," అన్నాడు నేను చెప్పింది విని. "నౌకరీ ఉంటది. నేను పెట్టలేదా?"

"నువ్వు పెట్టినవ్ గనుకనే నేను పెట్ట బాపు."

అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోను. ఆయన మాత్రం ఆ పూట బువ్వ సగంలోనే లేచాడు.

మరునాడు క్యాంటీన్ బయట చాయ్ తాగుతుంటే మీసాల పెద్దాయన పక్కన వచ్చి కూర్చున్నాడు. నా సంతకం గొడవ అప్పటికే అందరికీ తెలిసింది.

"ఇంతకీ ఆ డ్రైవర్ చేసే పనేంది చెల్లె? పనిల తప్పుంటే మనమే నాలుగు తిడుదాం."

"మంచిగనే చేస్తడన్న. పంపేదాన్ని సర్వర్ల ఉండే కార్డు చేతికిస్తడు. కార్డు దాన్ని బయటికి పంపి, పోయిందని గంట కొడ్తది. గంట ఇనవడితెనే ఇంకోటి ఇస్తడు."

"ఇనవడకుంటే?"

"కూసుంటడు. గంట లేకుండ చెయ్యి ఎయ్యొద్దు గద."

ఆ చివరి మాట నాది కాదు. చిన్నప్పటి నుంచి బాపు నోట విని విని నా నోటికి అంటుకున్న మాట. అన్నాక చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఇన్నాళ్లూ డ్రైవర్ ఎందుకు ఆగాడని వెతికాను. గంట మోగిందా లేదా అని ఒక్కసారీ చూడలేదు. హాలేజి డ్రైవర్ బిడ్డను, నేనూ అందరిలాగే డ్రైవర్‌నే అనుమానించాను. నా మీద నాకే కోపం వచ్చింది. పెద్దాయనకు చెప్పకుండానే లేచి గదికి పరుగెత్తాను.

గంటంటే నిజంగా మోగేది కాదు, పని అయిందని పరికరం లోపల పంపే సైగ; ఏ పరికరం ఎన్నిసార్లు గంట కొట్టిందో సర్వర్‌లో ఒకచోట కనిపిస్తుంది. తెరిచి చూశాను. మా సర్వర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి బయటి లైన్లకు, ఒకటి ఆఫీసు లోపలికి. ఆ రెండూ ఒకే గంట లైను మీద ఉన్నాయి! లైన్లు ఖాళీగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. షిఫ్ట్ మారే వేళ అన్ని గనుల హాజరు ఒక్కసారి వచ్చి పడితే రెండు కార్డులూ ఒకేసారి గంట కొడతాయి. ఒకదాని గంటలో ఇంకోదాని గంట కలిసిపోతుంది. వినిపించని గంట కోసం డ్రైవర్ కూర్చుంటాడు, కూర్చునే ఉంటాడు. ఆ రెండో కార్డు బిగించింది హైదరాబాద్ ఇంజినీరే. గనులు పెరిగాయని వచ్చి, ఖాళీగా కనిపించిన గాడిలో పెట్టి పోయాడు. ఆగడం మొదలైంది కూడా ఆ తర్వాతే.

కార్డు తీసి వేరే గాడిలో పెడితే దాని గంట లైను మారవచ్చు. కానీ సర్వర్ డబ్బాకు ఆ సంస్థ సీలు ఉంది. నేను చూసింది చెప్పి ఆఫీసర్‌తో వాళ్లకు ఫోన్ చేయిస్తే, సీలు చింపితే గ్యారంటీ పోతుంది, ఆపరేటర్లు చెయ్యి పెట్టకూడదు అని అటునుంచి గట్టిగా చెప్పారు.

"విన్నావుగా. నేను ఒప్పుకోలేనమ్మా," అన్నాడాయన.

"మీరు ఒప్పుకోవద్దు సార్. ఇయ్యాల సెకండ్ షిఫ్ట్ మారేదాక నా గదిల కూసోండి, సాలు. సర్వర్ ఆగితే ఆ కాగితం మీద అక్కడనే సంతకం పెడత. సీలు చింపిన్నని కూడ అందుల రాసుకోండి."

ఆయన వచ్చాడు. కాగితం కూడా తెచ్చాడు. నేను సర్వర్ ఆపి, తాళంచెవి మొనతో ఆ సీలు గీకుతుంటే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అది ఆయన చేసిన సాయమే, కాదనను. డబ్బా తెరిచాను. కార్డు ఊడదీసి, దుమ్ము తుడిచి, దూరంగా ఉన్న గాడిలో నొక్కిపెట్టాను. మళ్లీ నడిపించి చూస్తే రెండు కార్డులకూ రెండు వేరు వేరు గంట లైన్లు.

షిఫ్ట్ మారే వేళ అయింది. కిటికీ అవతల బస్సులు దిగుతున్న చప్పుడు, కార్డులు గీకుతున్న చప్పుడు. ఆఫీసర్ కుర్చీలో కూర్చుని, ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా దాని మీద స్టేప్లర్ పెట్టాడు. తెర మీద అంకెలు పరుగెత్తుతున్నాయి. మామూలుగా ఆగే చోటుకు వచ్చాయి. దాటాయి. ఇంకా పెరిగాయి. రెండు గంటలూ దేని దారిన అవి మోగుతూనే ఉన్నాయి. మస్టర్లు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. కిటికీ దగ్గర నిలబడి ఎవరూ ఏమీ అడగలేదు, అడగాల్సిన పని లేకపోయింది. జనం పలచబడ్డాక ఆయన స్టేప్లర్ తీసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోనీలేమ్మా, తేలిపోయింది. సంస్థ వారు వచ్చి సరిచేశారని రాసి మూసేద్దాం."

"వాళ్లు సరిచెయ్యలే సార్. పాడుజేసి పోయింది వాళ్లు."

ఆయన నిట్టూర్చి వెళ్లిపోయాడు. ఫైల్లో ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. ఆ ఫైలు నాది కాదు. బోర్డు నాది. మార్కర్ తీసుకుని బయటికి వచ్చి పాత ముక్క తుడిచి, అంతకన్నా పెద్ద అక్షరాలతో రాశాను:

"డ్రైవర్ విడుదల. డ్రైవర్ తప్పు లేదు. గంట మోగలేదు."

డ్యూటీ దిగి పోతున్న డంపర్ డ్రైవర్లు చూసి ఈలలు వేశారు. మీసాల పెద్దాయన "దండ తెస్తమా చెల్లె?" అని కేకేశాడు. మెట్లు దిగుతున్న ఆఫీసర్ ఆగి చదివి, "అది తుడిచేయమ్మా, మళ్లీ ఎవరేమనుకుంటారో" అన్నాడు. విననట్టే నిలబడ్డాను.

అప్పుడు గేటు లోపలికి బాపు రావడం కనిపించింది. భుజాన తువ్వాల, చేతిలో సైకిల్. ఇవాళే తేలుతుందని మధ్యాహ్నం ఇంటికి కబురు పంపాను. పనిలోంచి తీసేస్తే ఒక్కదాన్నే ఏడ్చుకుంటూ ఇంటికి రావాల్సి వస్తుందని ఫికరై బయల్దేరాడట. నన్ను చూడకముందే బోర్డు చూశాడు. సైకిల్‌కు స్టాండు వేసి దగ్గరికి నడిచాడు. బాపు కూడబలుక్కుని చదువుతాడు.

"డ్రైవర్... తప్పు... లేదు." ఆగాడు. "గంట... మోగలేదు."

సర్వర్‌లో దొరికిన గంట సంగతి ఆయనకు నేను చెప్పనే లేదు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి పెదవులు మాత్రమే కదిలాయి.

"ఎవలు రాసిన్రు బిడ్డ ఇది?"

"నేనే బాపు."

"సంతకం పెట్టినవా?"

"పెట్టలే."

తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. కళ్ల దగ్గర కాసేపు అలాగే పట్టుకున్నాడు. మెట్ల మీద ఆఫీసర్ ఇంకా నిలబడే ఉన్నాడు. బాపు ఆయన వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, యార్డంతా వినబడేలా అన్నాడు:

"తుడువనియ్యకు."

నేను మార్కర్ మూత తీసి, ఆ అక్షరాల మీదనే ఇంకా లావుగా దిద్దాను.